ఉద్యోగము చేయుచు వ్యాపార విద్య: ఎంపిక ఎట్లు?

శ్రీనగర్ కాలనీ వీధులలో రాత్రి ఏడు గంటల వేళ నడచిపోవు వారికి ఒక దృశ్యము పరిచితమే. చిత్రనిర్మాణ సంస్థల కార్యాలయములలో దీపములు ఇంకను వెలుగుచుండును. ఆ వేళ లోపల ఉండువారు నటులు కారు, దర్శకులు కారు. లెక్కలు వ్రాయువారు, ప్రొడక్షన్ మేనేజర్లు, పంపిణీ ఒప్పందముల కాగితములు సరిచూచువారు. కొంచెము దూరమున జూబిలీ హిల్సులోను, ఫిలింనగరులోను మరునాటి కాల్షీటుకు ఏర్పాట్లు సాగుచుండును. వీరిలో పట్టభద్రులు అనేకులు. పది సంవత్సరములుగా పని చేసి, పని నేర్చినవారు. అయినను పై మెట్టు ఎక్కబోవునపుడు, "ఎం.బి.ఏ. ఉన్నదా?" అను ప్రశ్న ఎదురగును. ఉద్యోగము మానుకొని కళాశాలకు పోవుటకు ఇంటి పరిస్థితి అంగీకరింపదు. కనుక ఉద్యోగము చేయుచునే చదువుకొందమను సంకల్పము పుట్టును.

సంకల్పము మంచిదే. చిక్కు దాని తరువాత ఆరంభమగును. ఒక ప్రకటన రెండు సంవత్సరములలో పట్టము చేతికి వచ్చుననును. మరియొకటి పదునెనిమిది మాసములు చాలుననును. వేరొకటి ఇంటనే కూర్చుండి చదువవచ్చునని ఆశ పెట్టును. మిత్రుడొకడు ఒక సంస్థ పేరు చెప్పును, మేనమామ మరియొకటి చెప్పును. అడిగినవాడు రుసుమును, పేరును పోల్చి చూచి, ఏదో ఒక చోట చేరిపోవును. మూడవ మాసములో పుస్తకములు అటకెక్కును.

ఇట్లు జరుగుటకు కారణము బుద్ధిలోపము కాదు, సోమరితనమును కాదు. అడుగవలసిన ప్రశ్నలను అడుగవలసిన వరుసలో అడుగకపోవుటయే. మొదట చూడవలసినది సంస్థ పేరు కాదు, రుసుము కాదు. మీ వారములో మీకు నిజముగా మిగులు గంటలెన్ని? ఇది మొదటి ప్రశ్న. చదువు ముగిసిన పిమ్మట చేతికి వచ్చు కాగితము చట్టరీత్యా ఏమి? ఇది రెండవ ప్రశ్న. ఈ రెండింటికి సరియైన సమాధానములు దొరికినచో తక్కిన ఎంపిక చాలవరకు దానంతట అదియే తేలిపోవును.

పాత త్రోవయే

పని చేయుచు చదువుట క్రొత్త సంగతి కాదు. లండను విశ్వవిద్యాలయము 1858లోనే తన తరగతులకు హాజరు కానివారిని సైతము పరీక్షలకు అనుమతించినది. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయము 1943లో, ఉద్యోగములో నున్న అధికారుల కొరకు ప్రత్యేకముగా ఎం.బి.ఏ. తరగతులు నెలకొల్పినది. మన దేశములో ఎం.బి.ఏ. విద్యను తొలినాళ్ళలో ప్రవేశపెట్టిన విశ్వవిద్యాలయములలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఒకటి. అచ్చట అది 1957లో ఆరంభమైనది. ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో ఉత్తరముల ద్వారా పాఠములు పంపు పద్ధతిని మొదలిడినది. ఇంగ్లండులో 1969లో స్థాపితమైన ఓపెన్ యూనివర్సిటీ 1971 నుండి బి.బి.సి. రేడియో, టెలివిజనుల ద్వారా పాఠములు వినిపించినది. రేడియోకును ఈ విద్యకును గల చుట్టరికము ఆనాటిది.

మన నగరమునకు ఈ చరిత్రలో గౌరవస్థానము కలదు. దేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే వెలసినది. ఆనాడు దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టబడినది. దాని తొలి ఉపాధ్యక్షులు ప్రొఫెసర్ జి. రాంరెడ్డిగారు, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు దానికిని తొలి ఉపాధ్యక్షులు వారే. అంబేడ్కర్ విశ్వవిద్యాలయ ప్రాంగణము జూబిలీ హిల్సులో, వారి పేరిటి మార్గముననే ఉన్నది. శ్రీనగర్ కాలనీ వాసికి అది ఇరుగుపొరుగు సంస్థ వంటిది.

నాలుగు మార్గములు

ఉద్యోగస్థుని ఎదుట ఈనాడు ముఖ్యముగా నాలుగు మార్గములున్నవి.

మొదటిది సాయంకాలపు తరగతులు. పగలు పని చేసినవారు సాయంకాలము కళాశాలకు పోయి, గురువు ఎదుట కూర్చుండి నేర్చుకొందురు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఇట్టి ఎం.బి.ఏ. తరగతులకు పేరు పొందినది. రాష్ట్రములో ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. ప్రవేశములకు జరుగు ఐసెట్ పరీక్ష ఫలితమును ఇట్టి తరగతులకును పరిగణింతురు. గురుముఖమున నేర్చుట, సహాధ్యాయుల సాంగత్యము ఇందలి మేలు. హాజరు నిబంధన ఇందలి కష్టము. సామాన్యముగా నూటికి 75 వంతుల తరగతులకు హాజరు కావలెనందురు.

రెండవది దూరవిద్య. పాఠ్యగ్రంథములు ఇంటికి వచ్చును. సెలవుదినములలో అధ్యయన కేంద్రమునందు సందేహ నివృత్తి తరగతులు జరుగును. పైన చెప్పిన రెండు సార్వత్రిక విశ్వవిద్యాలయములును, ఉస్మానియాలో 1977లో ఆరంభమైన దూరవిద్యా కేంద్రమును ఈ మార్గములోనివి. ఇందలి మేలు స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛయే ఇందలి ప్రమాదము కూడ. అడుగువారు లేని చదువు రేపటికి వాయిదా పడుచుండును.

మూడవది ఆన్‌లైన్ విద్య. పాఠములు, చర్చలు, అభ్యాసములు అన్నియు కంప్యూటరులోనో చేతి ఫోనులోనో జరుగును. ప్రయాణము తప్పును. కాని దినమంతయు కంప్యూటరు ముందు పని చేసినవాడు రాత్రి మరల దాని ముందే కూర్చుండగలడా అని ముందుగా ఆలోచించుకొనవలెను.

నాలుగవది వారాంతపు తరగతులు. అనుభవము గల అధికారుల కొరకు పెద్ద సంస్థలు శని, ఆదివారములలో నడుపునట్టివి. గచ్చిబౌలిలో 2001లో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఇట్టి శిక్షణను ఇచ్చుచున్నది. బోధన ఉన్నతమైనది, రుసుము లక్షలలో ఉండును, ప్రవేశమునకు కొన్ని సంవత్సరముల అనుభవము చూపవలెను.

ఇంటర్మీడియెట్ వరకు మాత్రమే చదివి ఉద్యోగమున చేరినవారు ఎం.బి.ఏ.కు తొందరపడరాదు. దానికి ముందు డిగ్రీ ఉండి తీరవలెను. అట్టివారికి సార్వత్రిక విశ్వవిద్యాలయపు బి.కాం. సహజమైన తొలి మెట్టు.

గంటల లెక్క

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. వారమునకు 168 గంటలు. ఇది రాజుకును పేదకును సమానమే.

శ్రీనగర్ కాలనీలోని ఒక చిత్రనిర్మాణ సంస్థలో లెక్కలు చూచు యువకుని ఊహింతము. ఉదయము తొమ్మిది నుండి రాత్రి ఏడు వరకు, వారమునకు ఆరు దినములు పని. అది 60 గంటలు. రాకపోకలకు 6 గంటలు. నిద్రకు దినమునకు ఏడు చొప్పున 49 గంటలు. స్నానపానములకు, భోజనమునకు, ఇంటి పనులకు దినమునకు మూడు చొప్పున 21 గంటలు. మొత్తము 136. మిగిలినవి 32 గంటలు.

ఈ 32 గంటలును చదువువి కావు. ఇందులో పిల్లలకు వంతున్నది, తల్లిదండ్రులకు వంతున్నది, పెండ్లిండ్లకు, పండుగలకు, జ్వరములకు వంతున్నది. సగము చదువుకు దక్కినను అతడు అదృష్టవంతుడే. అనగా వారమునకు 16 గంటలు.

చదువు ఎన్ని గంటలు కోరును? సార్వత్రిక విద్యలో చదువు బరువును క్రెడిట్లలో కొలుతురు. ఒక క్రెడిట్ అనగా విద్యార్థి చేయవలసిన 30 గంటల పని. పాఠము చదువుట, వ్రాతపని, తరగతికి పోవుట అన్నియు అందులో చేరినవే. ఎం.బి.ఏ. మొత్తము 100 క్రెడిట్లు అనుకొందము. ఈ సంఖ్య విశ్వవిద్యాలయమును బట్టి కొంత మారును. 100 క్రెడిట్లనగా 3,000 గంటలు.

రెండు సంవత్సరములలో, అనగా 104 వారములలో, ఇది ముగియవలెనన్నచో వారమునకు సుమారు 29 గంటలు కావలెను. మూడు సంవత్సరములైనచో 19 గంటలు. నాలుగు సంవత్సరములైనచో 14 గంటలకు కొంచెము పైన. వారమునకు 16 గంటలు మాత్రమే గల మన యువకునికి మూడున్నర సంవత్సరములకు పైబడి పట్టును.

కనుక "రెండు సంవత్సరములలో పట్టము" అను మాట అతనికి వర్తింపదు. అతడు మొదట అడుగవలసినది కనీస గడువు కాదు, గరిష్ఠ గడువు. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయపు ఎం.బి.ఏ.కు కనీసము రెండు, గరిష్ఠము నాలుగు సంవత్సరములు. ఈ రెండవ అంకెయే మన యువకుని కాపాడునది. ప్రకటనలలో మొదటి అంకె పెద్ద అక్షరములలో ఉండును, రెండవది వెదకినగాని కనబడదు. తప్పిన పరీక్షను మరల వ్రాయు వీలున్నదా, ఒక అర్ధసంవత్సరము విరామము తీసికొనవచ్చునా అను విషయములను కూడ చేరుటకు ముందే తెలిసికొనవలెను.

గంటల సంఖ్యతో పాటు గంటల తీరును కూడ చూడవలెను. శ్రీనగర్ కాలనీకి దగ్గరనున్న మధురానగర్ స్టేషనులో మెట్రో రైలు ఎక్కినచో మధ్యలో రైలు మారకుండ తార్నాకలో దిగవచ్చును. ఉస్మానియా ప్రాంగణము అచ్చటికి సమీపముననే ఉన్నది. సాయంకాలము ఐదున్నరకు బల్ల సర్దుకొని లేవగల బ్యాంకు ఉద్యోగికి అది చక్కని మార్గము. చిత్రపరిశ్రమలోని వానికి అట్లు కాదు. షూటింగు ఉన్నపుడు ఆదివారము కూడ పనిదినమే. ఔట్‌డోరు షూటింగునకు ఇరువది దినములు రాజమహేంద్రవరము పోవలసి వచ్చినచో హాజరు పట్టీలో ఇరువది దినములును ఖాళీయే. అట్టివానికి దూరవిద్యయో, ఆన్‌లైన్ విద్యయో తగినది. వాని చదువు అతడు పోయినచోటికి వెంట రాగలదు.

దూరవిద్యలోను పరీక్షలకు తేదీలు నిర్ణీతములై ఉండును. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయములో అవి జూన్, డిసెంబరు మాసములలో జరుగును. ఆ దినములకు సెలవు దొరకునో లేదో యజమానిని ముందుగా అడుగుట మేలు. దాచి చదువుట వీరత్వము కాదు. పరీక్షనాడు అబద్ధమాడవలసి వచ్చును.

చేతికి వచ్చు కాగితము

రెండవ ప్రశ్న ఇంకను కఠినమైనది. ఏలయన గంటల విషయములో పొరపాటు పడినచో ఆలస్యమగును. ఇందులో పొరపాటు పడినచో పడిన శ్రమయంతయు వ్యర్థము కావచ్చును.

1956 నాటి యు.జి.సి. చట్టము ప్రకారము "డిగ్రీ" ఇచ్చు అధికారము కేంద్ర, రాష్ట్ర శాసనములచే ఏర్పడిన విశ్వవిద్యాలయములకును, విశ్వవిద్యాలయ హోదా పొందిన సంస్థలకును, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థలకును మాత్రమే కలదు. తక్కినవారు ఎంత గొప్పవారైనను డిప్లొమాయో, సర్టిఫికెటో ఇచ్చెదరు. ప్రఖ్యాతమైన ఐ.ఐ.ఎం.లు సైతము 2017 నాటి ప్రత్యేక చట్టము వచ్చువరకు డిప్లొమాలనే ఇచ్చినవి. గచ్చిబౌలి సంస్థ ఇచ్చునదియు విశ్వవిద్యాలయపు ఎం.బి.ఏ. డిగ్రీ కాదు. అయినను పెద్ద వ్యాపార సంస్థలు దానిని ఎంతయు ఆదరించును. ఇందులో ఎక్కువ తక్కువల ప్రసక్తి లేదు. కాగితము మీకు ఏ పనికి కావలెనన్నదే ప్రశ్న. ప్రైవేటు సంస్థలో పెద్ద పదవికైనచో డిప్లొమా చాలవచ్చును. ప్రభుత్వోద్యోగమునకు, పదోన్నతికి, కళాశాల అధ్యాపకత్వమునకు నిబంధనలు "డిగ్రీ" అని చెప్పినచో డిగ్రీయే ఉండవలెను.

గుర్తింపు విషయములో గతానుభవములు చేదుగా ఉన్నవి. 2002లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము చేసిన చట్టము క్రింద నూటికి పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయములు వెలసినవి. వానిలో పెక్కింటికి భవనములే లేవు. 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టములోని మూల విధులను కొట్టివేసినది. మరల 2017 నవంబరులో అదే న్యాయస్థానము, కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయములు అనుమతి లేకుండ దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగు పట్టములపై తీర్పు చెప్పినది. 2001 నుండి 2005 వరకు చేరినవారి పట్టములు నిలిపివేయబడినవి. వారు మరల ఒక పరీక్షలో కృతార్థులు కావలసి వచ్చినది. ఆ తరువాత చేరినవారి పట్టములు రద్దయినవి. చేరిన పుష్కరకాలమునకు, ఆ పట్టముపై పదోన్నతి పొంది సంసారము దిద్దుకొన్న పిమ్మట, ఆ తీర్పును వినవలసి వచ్చినవారి స్థితిని ఊహింపుడు. వారు చదువలేదని కాదు. విచారింపలేదు, లేదా విచారించుటకు తగిన దారి వారికి తెలియలేదు.

ఈనాడు దారి సులభముగా ఉన్నది. దూరవిద్య, ఆన్‌లైన్ విద్యలకు యు.జి.సి. 2020లో నిబంధనలు చేసినది. ఏ విశ్వవిద్యాలయము, ఏ కోర్సును, ఏ విద్యాసంవత్సరములో నడుపవచ్చునో దాని దూరవిద్యా విభాగము ప్రకటించును. అనుమతి విశ్వవిద్యాలయమునకు ఉన్నంత మాత్రమున చాలదు. మీరు చేరు కోర్సుకు, మీరు చేరు సంవత్సరమునకు ఉండవలెను. నిర్వహణ విద్య గనుక అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ఆమోదము సంగతిని కూడ అడుగవలెను. ఇట్లు అనుమతి పొందిన దూరవిద్యా పట్టము కళాశాలలో చదివి పొందిన పట్టముతో సమానమని యు.జి.సి. 2022లో స్పష్టము చేసినది. కనుక దూరవిద్య అని చిన్నబుచ్చుకొననక్కరలేదు.

మరియొక జాగ్రత్త. వీధి చివరనున్న ఒక కార్యాలయము దూరదేశపు విశ్వవిద్యాలయము పేరు చెప్పి మిమ్ము చేర్చుకొందుననవచ్చును. దళారుల ద్వారా, వ్యాపార కంపెనీల ద్వారా కోర్సులు నడుపు ఫ్రాంచైజీ పద్ధతిని యు.జి.సి. అంగీకరింపదు, 2022 జనవరిలో దీనిపై హెచ్చరికయు చేసినది. రుసుము విశ్వవిద్యాలయము పేరిట చెల్లించి, దాని రసీదు పొందుడు. రసీదుపై వేరొక పేరున్నచో అచ్చటనే ఆగుడు.

ధనము, ఇల్లు

ఈ రెండు జల్లెడలలో నిలిచిన కోర్సులను మాత్రమే రుసుముతో తూచవలెను. సార్వత్రిక విశ్వవిద్యాలయములలో మొత్తము వేలలో ముగియును. వారాంతపు సంస్థలలో పదుల లక్షలు కావచ్చును. లెక్క సులభము. మూడు లక్షలు వెచ్చించి చదివినపిమ్మట జీతము మాసమునకు ఐదు వేలు పెరిగినచో పెట్టుబడి తిరిగి వచ్చుటకు అరువది మాసములు పట్టును. అప్పు చేసినచో వడ్డీయు కలుపవలెను. సంస్థయే రుసుము చెల్లించుననినచో ఎన్ని సంవత్సరములు అచ్చటనే పని చేయవలెనను షరతు ఉన్నదో కాగితము పూర్తిగా చదివి సంతకము చేయుడు.

కొందరికి కావలసినది పట్టము కానే కాదు. పన్నుల లెక్క, ఒప్పందముల వ్రాత, చిత్రవ్యయపు అంచనా వంటి ఒక విద్య వచ్చిన చాలును. అట్టివారికి కొలది వారముల శిక్షణయే మేలు. హైదరాబాదులో 1956లో స్థాపించిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి అనుభవజ్ఞులైన అధికారులకు ఇట్టి స్వల్పకాల శిక్షణలకే ప్రసిద్ధి.

చివరకు ఇంటి సంగతి. ఆ 16 గంటలు గాలిలో నుండి రావు, ఇంటివారి గంటల నుండియే వచ్చును. భర్త చదువుకు కూర్చుండునపుడు పిల్లల పాఠములు, సంత, వృద్ధుల మందులు భార్యపై పడును. చదువదలచినది ఉద్యోగిని అయిన గృహిణి అయినచో ఆమె లెక్కలో ఇంటి పనికి మూడు గంటలు చాలవు, ఐదో ఆరో వేయవలెను. అప్పుడు మిగులు 32 గంటలు పదునొకటో పదునెనిమిదో అగును. అందులో సగమే చదువునకనినచో గరిష్ఠ గడువు నాలుగు సంవత్సరములును ఆమెకు చాలవు. ఆమెకు తెలివి తక్కువై కాదు, ఇంట చేయి కలుపువారు లేకపోవుటచేత. కనుక దరఖాస్తు నింపుటకు ముందు ఇంటిల్లిపాదియు ఒకనాటి రాత్రి భోజనము చేసి కూర్చుండి, ఒక కాగితముపై ఏడు దినముల గంటలను వ్రాసి, ఎవరి పని ఎవరు పంచుకొందురో నిర్ణయించుకొనుట మంచిది.

ఆ కాగితము వ్రాసిన తరువాత ఒక పని మిగులును. మీరు ఎంచుకొన్న కోర్సులో ఇప్పుడు చదువుచున్న ఉద్యోగస్థుని ఒకని వెదకి మూడు మాటలు అడుగుడు. మీతో చేరినవారిలో ఎందరు నిలిచిరి? పుస్తకములు వేళకు వచ్చుచున్నవా? పరీక్షాఫలితములు ఎన్నాళ్ళకు తెలియును? ఈ ప్రశ్నలకు సమాధానము ఏ ప్రకటనలోను దొరకదు.

పట్టము గోడపై వ్రేలాడు చిత్రపటము. దానికి చెల్లించు అసలు వెల మూడు, నాలుగు సంవత్సరముల సాయంకాలములు. ఆ సాయంకాలములు మీవి మాత్రమే కావు, ఇంటివారివి కూడ. వానిని లెక్కించి, ఇంటివారి సమ్మతితో వెచ్చించినవాడు ఆలస్యముగానైనను గట్టు చేరును.